పెరటి కుళాయిలో చెప్పుముక్క

మా పెరట్లో కుళాయి పచ్చగా మెరుస్తూ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు బంగారప్పూత వేయించారా అని వేళాకోళం చేస్తారు. మా రాజోలు వైపు ఏ ఇంటి పెరట్లోకి వెళ్లినా కుళాయిలు తెల్లగానే ఉంటాయి. కొన్నప్పటి తెలుపు కాదు, బోరు నీళ్ల గార. పళ్లకి పట్టినట్టు పొరలు పొరలుగా పట్టి, మూతి సన్నబడి, చివరికి బకెట్టు ఒకచోట పెడితే నీళ్లు ఇంకోచోట పడతాయి. మా కుళాయికి మాత్రం గార కనబడదు. అది మా అత్తగారి చలవ. నిజం చెప్పాలంటే ఆవిడ చేసిన పొరపాటు.

బోరు వేయించిన కొత్తలో మాదీ అందరి కుళాయిలాగే తెల్లగా తళతళలాడేదట. నేను కాపురానికి వచ్చేసరికే మొహమంతా గార కట్టి ఉంది. ఒక శుక్రవారం ఆవిడ దేవుడి సామాను తోముకుంటూ, మిగిలిన చింతపండు పిప్పి, ఇటుకపొడి పట్టుకుని కుళాయి మీద పడ్డారు. గార పోయింది. ఆ ఊపులో పైనున్న తెల్లపూత కూడా పోయింది. ఇంకొకరైతే అయ్యో, పాడుచేశానే అనుకునేవారు. మా అత్తగారు నన్ను వంటింట్లోంచి కేకేసి మరీ చూపించారు.

"చూసేవే, లోపలంతా ఇత్తడే. ఆ కొట్టాయన ఒక్క ముక్క చెప్పలేదు."

ఇత్తడని తెలిశాక ఇంక ఆవిణ్ణి ఆపేవాళ్లెవరు. తోమకుండా ఇత్తడిని వదిలెయ్యడం ఆవిడ ఒంట్లో లేదు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం బిందెలతోపాటు కుళాయికీ చింతపండు స్నానమే. తోమి, కడిగి, కాస్త పసుపు రాసి, పిడి మీద కుంకుమ బొట్టు పెట్టేవారు. పూత పోయిన చోటల్లా పసుపుపచ్చగా తేలి, రెండు మూడు నెలల్లో కుళాయి మొత్తం ఇత్తడి చెంబులా తయారైంది.

నేను ఆలమూరు వైపు పిల్లని. గోదావరి నీళ్లు తాగి పెరిగాను. మా పుట్టింట్లో కందిపప్పు పొయ్యి మీద పెడితే మాటల్లో ఉడికిపోయేది. ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఎవరూ చెప్పక, కుళాయి నీళ్లు పోసి పప్పు పెట్టాను. మధ్యాహ్నం దాకా బద్దలు బద్దలుగా నా మొహంకేసి చూస్తూ కూర్చుంది. సబ్బు రుద్దితే నురగ రాదు. తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచే. వంటకీ తాగడానికీ వేరే నీళ్లు తెచ్చుకుంటారనీ, బోరు నీళ్లు తోముకోవడానికీ కడుక్కోవడానికీ మాత్రమేననీ ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి తెలుసు. తెలిసిన సంగతి కనుక కొత్తకోడలికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు పెరటి గచ్చు మీద కూర్చుని పప్పుగిన్నె తోముతూ ఏడ్చాను. మా అమ్మ గుర్తొచ్చి ఏడుస్తున్నానో, పప్పు ఉడకలేదని ఏడుస్తున్నానో అడిగితే ఇప్పటికీ చెప్పలేను. పక్కన కుళాయి కూడా నాతో పోటీపడి కారుతోంది. అత్తగారు చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, పానా, బ్లేడు వేసుకునే పాత బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని వచ్చారు. మామగారు కొబ్బరితోటకి వెళ్తే చీకటిపడే వేళకి గానీ రారు. ఆయనకి పానా ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. ఇంట్లో మరమ్మతులన్నీ ఆవిడవే.

నన్ను ఓసారి, కుళాయిని ఓసారి చూశారు.

"ఇంట్లో కారేవి రెండు ఉండకూడదే అమ్మాయ్. కుళాయి సంగతి నే చూస్తాను. నీ సంగతి నువ్వు చూసుకో," అన్నారు.

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ పనిలో ఉన్నప్పుడు నవ్వరు.

ఆ రోజే చూశాను ఆవిడ వాషరు వేసే పద్ధతి. కొట్లో అమ్మే నల్ల వాషరు మా నీళ్లకి పనికిరాదు. ఎండి రాయిలా అయిపోతుంది. లోపల వాషరు కూర్చునే చోట కూడా గార పట్టి గరుకుగా ఉంటుంది కనుక, రాయి మీద రాయి పెట్టినట్టే, సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. అక్కడ మెత్తగా సర్దుకుని కూర్చునేది ఏదైనా కావాలి. మా అత్తగారు అందుకు కనిపెట్టింది రబ్బరు చెప్పు. పైన తెలుపు, అడుగున నీలం ఉంటాయే, ఆ చెప్పులు. కుళాయిలోంచి తీసిన పాత వాషరుకి బొగ్గు రాసి, చెప్పు మీద అద్ది, ఆ ముద్ర వెంబడి బ్లేడుతో గుండ్రంగా కోసేవారు. వేరే పాతచెప్పు దాచుకోవచ్చు కదా అంటే వినరు. పాతబడిన చెప్పు అరిగి అట్టముక్కై ఉంటుందిట, కాలికి ఉన్న చెప్పే మెత్తన అట. అందుకని తను తొడుక్కునే చెప్పునే కోసేవారు. అదీ మడమ కింద కాదు, పాదం వంపు తిరిగే చోట.

"మడమ కింద కోస్తే ముల్లు దిగుద్ది. ఇక్కడైతే కాలుకి తెలీదు," అనేవారు.

అలా ఆవిడ కుడిచెప్పుకి ఎప్పుడూ రూపాయి బిళ్లంత చిల్లి ఉండేది. చెప్పులు మారేవి, చిల్లి మారేది కాదు. కొత్తజత కొన్న కొన్నాళ్లకే కుళాయికి ఆకలి వేసేది.

ఒక శుక్రవారం కుళాయికి బొట్టు పెడుతుంటే ఆటపట్టించాను. "అత్తయ్యగారూ, లోపల చెప్పుముక్క ఉంది, పైన కుంకుమ పెడుతున్నారు. పాపం కాదాండీ?"

ఆవిడ బొట్టు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుని తీరిగ్గా చెప్పారు. "లోపలేవుందో చూసి బొట్టు పెట్టాలంటే ఈ ఇంట్లో ఒక్కళ్లకి కూడా పెట్టక్కర్లేదు."

మామగారు పోయాక ఆ బొట్టు పెట్టే పని నాకు అప్పగించారు. తను పెట్టకూడదుట. తోమడం మాత్రం వదల్లేదు. తోమేసి, కడిగేసి, పక్కకి జరిగి నిలబడేవారు, నేను వచ్చి బొట్టు పెట్టే దాకా.

చిల్లి గురించి ఇంకొకటి చెప్పాలి. మాది ఇసకనేల. కుళాయి దగ్గర ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఆవిడ పొద్దున్నే లేచి ఆ తడి తొక్కుకుంటూ కొబ్బరిచెట్టు దాకా వెళ్లి వచ్చేవారు. కుడి అడుగు పడిన చోటల్లా చిల్లిలోంచి తడి ఇసక పైకి ఉబికి, గుండ్రంగా నిలిచేది. అడుగుకి బొట్టు పెట్టినట్టు ఉండేది. నాకు పొద్దున్నే లేవడమంటే ఒళ్లుమంట. తలుపు తీసి, ఇసకలో ఆ బొట్టు అడుగులు కనబడ్డాయంటే అత్తగారు లేచేశారన్నమాట, నేను ఆలస్యమన్నమాట. గబగబా కాఫీకి నీళ్లు పడేసేదాన్ని. ఆ అడుగుల్ని చూస్తే నా ప్రాణానికి విసుగు పుట్టేది. అలాంటి అడుగు ఒక్కటి కనిపిస్తే చాలునని దేవులాడుకునే రోజు వస్తుందని ఎవరనుకుంటారు.

ఆవిడ పోయినేడాది వానల్లో పోయారు. అంతకు కొద్దిరోజుల ముందే కుళాయి మళ్లీ కారడం మొదలుపెడితే వాషరు మార్చాం. ఆవిడ చేతికి పట్టు తప్పింది. పానా నన్నే తిప్పమన్నారు. చెప్పు మాత్రం తనే కోశారు. బ్లేడు రెండుసార్లు పక్కకి పోయింది. నేను కోస్తానండీ అంటే ఇవ్వలేదు.

పెద్దకర్మకి ముందు ఇల్లంతా కడిగినప్పుడు ఆవిడ చెప్పులు గుమ్మం పక్కన కనబడలేదు. వచ్చిన బంధువుల్లో ఎవరో తీసుకెళ్లి కాలవలో పారేశారట. నేను గొంతు పెంచి అడిగాను. "పోయినవాళ్ల చెప్పులు ఇంట్లో ఉంచరమ్మా," అన్నారు ఒక పెద్దావిడ, నాకేదో తెలియనట్టు. నాకు తెలుసు. తెలిసినా ఆ కోసిన చెప్పు ఒక్కటి నాకు మిగిల్చి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది. చీరలు మిగిలాయి, పెట్టెలో ఉన్నాయి. చీరలు ఎవరైనా కట్టుకోవచ్చు. చిల్లి ఉన్న చెప్పులు ఆవిడే వేసుకునేవారు.

ఇంక ఈ సంగతి నేను ఎవరితో చెప్పుకోను. అమ్మ కోసం బెంగపెట్టుకున్నానంటే అందరూ ఊకొడతారు. అత్తగారి కోసం బెంగపెట్టుకున్నానంటే లోకం నమ్మదు. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని పాట కట్టుకున్న జాతి మనది. నేను పాతికేళ్లు పైబడి ఆవిడతో కాపురం చేశాను, మా ఆయనతో కన్నా ఎక్కువ మాటలు ఆవిడతోనే మాట్లాడాను, ఎక్కువ దెబ్బలాటలూ ఆవిడతోనే. ఇప్పుడు దెబ్బలాడదామంటే మనిషి లేదు.

ఈ మధ్య కుళాయి మళ్లీ కారింది. తోముతున్నానన్న మాటే గానీ నాది ఆవిడ చెయ్యి కాదు. పిడి అడుగున, మరలు కలిసే చోట గార దూరిపోయింది. ఎంత బిగించినా చుక్క ఆగదు. కొబ్బరితాడు ఒకటి మూతికి కట్టి బకెట్లోకి వదిలాను, తాడు వెంట జారిపోతుందని. మా ఆయన రెండురోజులు చూసి రాజోలు నుంచి కుళాయిల మేస్త్రిని పిలిపించారు.

అతను మంచివాడే. ఓపిగ్గా చూశాడు. పానా పెట్టి కొంచెం తిప్పబోయి ఆగిపోయాడు.

"గార పట్టేసి బిగిసిపోయిందండి. బలవంతం చేస్తే లోపల కడ్డీ ఇరిగిపోద్దండి. ఆయ్. ఇది తీసేసి స్టీలుది వేసేస్తానండి, రేపు పొద్దున్నే పట్టుకొచ్చేస్తాను," అన్నాడు.

"ఆయ్, అలాగే కానిచ్చేయండి," అన్నారు మా ఆయన. ఆ తర్వాత నావైపు తిరిగి, "కొత్తదైతే ఇలా పావు వంతు తిప్పితే చాలు, వచ్చేస్తాయి నీళ్లు. నీకు తోమే చాకిరీ కూడా ఉండదు," అన్నారు. ఆయన నా సుఖం కోరే అన్నారు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. మా ఆయన అమలాపురంలో ఏదో పని ఉందని బస్సెక్కారు. నేను గచ్చు మీద కూర్చున్నాను. అప్పుడు తట్టింది నాకు. చెప్పులన్నీ కాలవలో పోయాయి. ఒక్క ముక్క మాత్రం ఈ కుళాయిలో ఉంది. ఆవిడ వణికే చేత్తో కోసిన ముక్క. రేపు పొద్దున్న ఈ కుళాయి ఊడదీసి మేస్త్రి పాతసామానులో పడేసుకుంటాడు, దాంతోపాటు అదీ పోతుంది. ఈ కుళాయి పోతే ఆవిడ తోమింది, ఆవిడ కోసింది, ఆవిడ పసుపు రాసింది అన్నీ ఒక్కసారే పోతాయి. ఆగే మనిషిని కాను. లేచాను.

వంటింట్లో ఉన్న చింతపండంతా నానబెట్టాను. ఆవిడ ఉంటే అంత చింతపండు చూసి నన్ను నమిలేసేవారు. గుజ్జులో పాతగుడ్డ ముంచి, కుళాయి మెడకి చుట్టి, పైన తాడుతో కట్టాను. జ్వరమొచ్చిన మనిషికి తడిగుడ్డ వేసినట్టు. గుడ్డ ఆరినప్పుడల్లా వెళ్లి మళ్లీ గుజ్జు పోసి తడిపాను. భోజనం చేశాను గానీ ఏం తిన్నానో తెలియదు.

ఎండ కొంచెం వాలాక మేడ మీదికెళ్లి ట్యాంకు వాల్వు కట్టేసి, బిస్కెట్ల డబ్బా పట్టుకుని కూర్చున్నాను. గుడ్డ విప్పితే గార మెత్తబడి పెరుగులా వేలికి వచ్చింది. పానా పెట్టాను. చెయ్యి వదులు చేసే వైపుకే లాగుతోంది. అప్పుడు ఆవిడ మాట గుర్తొచ్చింది. బిగిసిన మరని ముందు వదులు చెయ్యకూడదు, ఒక్క పిసరు బిగించాలి.

"అలిగినదాన్ని ఎదురు లాగితే ఇంకా బిగుసుకుంటది. దానివైపే కాస్త మొగ్గు, తర్వాత అదే వస్తది," అనేవారు. మొదట్లో అది నా గురించేనేమో అని నాకు అనుమానంగా ఉండేది.

ఎడంచేత్తో కుళాయి మెడ గట్టిగా పట్టుకున్నాను, గోడలో పైపు కదలకుండా. బిగించే వైపు ఒక్క పిసరు తిప్పాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం చింతపండు నీళ్లు పోసి, మళ్లీ అలాగే. లోపల ఎక్కడో కిర్రుమంది. విరిగిందేమో అనుకున్నాను. కళ్లు మూసుకుని వదులు చేసే వైపు తిప్పాను. వచ్చింది.

కడ్డీ బయటికి తీశాను. దాని చివర ఉంది. పైన తెలుపు అరిగి పోయింది, అడుగున నీలం పలచగా మిగిలింది. అంచులకి గార ముత్యాల్లా పట్టింది. ఒక పక్క ఆవిడ బ్లేడు జారిన నొక్కు అలాగే ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. అత్తయ్యగారూ అని పైకే పిలిచాను. పక్కింటివాళ్లు విని ఉంటే ఏమనుకున్నారో, అనుకోనీ.

దాన్నే మళ్లీ వేసెయ్యాలని ఉంది. పనికిరాదు. రబ్బరు చచ్చిపోయింది. ఇక చెప్పు కావాలి. చుట్టూ చూశాను. డబ్బాలో పాతముక్కలేమీ లేవు, ఆవిడ దాచుకునే మనిషి కాదని చెప్పాను కదా. నా కాళ్లకేసి చూసుకున్నాను. కొత్తజత. మొన్న తీర్థంలో కొనుక్కున్నవి. ఆవిడంటే పిచ్చిది గానీ నేనెందుకు కాలికున్న చెప్పు కోసుకుంటాను అని ఇన్నేళ్లూ నవ్విన మనిషినే, కుడిచెప్పు విడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

పాత వాషరుకి బొగ్గు రాసి, వంపు తిరిగే చోట అద్దాను. నల్లగా గుండ్రంగా ముద్ర పడింది. నొక్కుతో సహా పడింది. వాషరు పైకి తియ్యబోతే రెండు ముక్కలైంది. ముట్టుకోకుండా ఉంటే బాగుండేదా అంటే, ఉండి ఏం చేసుకుంటాను. ఏడుపొచ్చింది. కుళాయి విప్పేసి ఉంది, నీళ్లు కట్టేసి ఉన్నాయి, అది కారడం లేదు. నేనొక్కదాన్నే. ఒక్కటి ఫరవాలేదేమో అనుకుని కారనిచ్చాను.

తర్వాత ముక్కు తుడుచుకుని చెప్పు కోశాను. నా ముక్క ఆవిడ కోసినంత గుండ్రంగా రాలేదు. కడ్డీకి బిగించి, లోపల కూర్చునే చోట కూడా చింతపండు పిప్పితో రుద్ది, అంతా బిగించి, మేడ మీదికెళ్లి వాల్వు తిప్పి, పరుగున కిందికి వచ్చాను. మూతి దగ్గర ఒక చుక్క వేలాడుతోంది. అది పడింది. రెండోది రాలేదు. అయినా నమ్మకం లేక, చీకటి పడే దాకా బకెట్లు నింపుతూ, తీసుకెళ్లి కొబ్బరిచెట్టు మొదట్లో పోస్తూ, మళ్లీ వచ్చి కట్టి చూస్తూ తిరిగాను. విరిగిన రెండు ముక్కలూ డబ్బాలో వేసి మూతపెట్టాను. మా ఆయన వచ్చాక ఈ సంగతి ఎత్తలేదు. స్టీలు కుళాయి గురించి ఆయనే ఏదో చెబుతుంటే ఊకొట్టాను.

మర్నాడు పొద్దున్నే పెరటి తలుపు తీశాను. కుళాయి దగ్గర్నుంచి కొబ్బరిచెట్టు దాకా తడి ఇసకలో అడుగులు ఉన్నాయి. కుడి అడుగుకల్లా బొట్టు.

అమ్మయ్యో, అత్తయ్యగారు లేచేసేరు, అనుకున్నాను. అనుకోవడమేమిటి, గబుక్కున వంటింట్లోకి తిరిగి కాఫీగిన్నె అందుకున్నాను కూడా. గిన్నె చేతిలోకి వచ్చాక తెలివి వచ్చింది. ఆ చెప్పులు నావి, ఆ నడక నాది. గిన్నె అక్కడే పెట్టేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

ఇంతలో మా ఆయన పళ్లుతోముకుంటూ నా వెనకాల వచ్చారు. మెట్టు దిగబోయి ఆగిపోయారు.

"అమ్మ..." అన్నారు. నోట్లో బ్రష్షు అలాగే ఉంది.

నేను కుడికాలు పైకెత్తి చెప్పు అడుగు చూపించాను. ఆయన ఆ చిల్లికేసి చూశారు, నా మొహంకేసి చూశారు. తర్వాత మెట్టు దిగి, కుళాయి దగ్గరికి తిన్నగా వెళ్లకుండా, గోడవార కరివేపాకు మొక్క పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లారు. ఒక్క అడుగు కూడా తొక్కలేదు. కుళాయి తిప్పి మొహం కడుక్కున్నారు. కట్టేశారు. మూతి కింద అరచెయ్యి పట్టి కాసేపు అలా నిలబడ్డారు. చెయ్యి తడి కాలేదు.

జేబులోంచి ఫోను తీసి మేస్త్రికి చేశారు. "కొత్తది తేకండి. ఆయ్, ఆగిందండి. ఇంట్లోవాళ్లే చేసేరండి," అన్నారు. అవతల ఏదో అడిగినట్టున్నాడు. "ఇంట్లోవాళ్లేనండి," అని మళ్లీ అన్నారు. ఫోను పెట్టేసి, వెళ్లిన చుట్టుదారినే ఇంట్లోకి వచ్చారు.

ఆ పూట నేను పెరడు ఊడవలేదు. అత్తయ్యగారు ఉంటే ఊరుకునేవారు కాదు.